నూకాలు తెచ్చిన ఉత్తరం

పరాంకుశం గారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. ప్రశ్న వింటారు, తలూపుతారు, మళ్లీ తన పనిలో పడతారు. కాకినాడలో ఆయన దగ్గర పాట కట్టడం నేర్చుకున్నవాళ్లకి ఇది అలవాటే.

ఒకరోజు శిష్యురాలు వకుళ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె కట్టిన మొదటి పాటలో వాళ్ల నాయనమ్మ తిరగలి దగ్గర పాడుకునే పాదం ఒకటి ఉంది. తోటివాళ్లు అది అరువు తెచ్చుకున్న మాటని ఎగతాళి చేశారు. ఆమె ఆ పాదం కొట్టేసింది. కొట్టేశాక పాట చప్పబడిపోయింది.

"గురువుగారూ, ఒకరి మాట తెచ్చి మన పాటలో పెట్టుకుంటే అది దొంగతనమేనా?"

ఆయన తలూపి, మళ్లీ తన పనిలో పడ్డారు.

ఆ వారంలోనే జాలరిపేట నుంచి నూకాలు అనే ఆమె వచ్చింది. ఆమె భర్త గుర్రయ్య రంగూన్ రేవులో మూటలు మోయడానికి వెళ్లి, అక్కడే జ్వరంతో పోయాడు. అతను రాసిన ఉత్తరం ఒక్కటే ఆమెకు మిగిలింది. పదకొండేళ్లుగా ఎవరెవరి చేతో చదివించుకుని, మడత పెట్టీ విప్పీ, అది మడతల దగ్గర విడిపోతోంది.

"ఈ కాయితం ఇంకెంతోకాలం ఉండదు బాబూ. నాకు చదువు రాదు. దీన్ని పాట చేసి పెట్టండి, నోట్లో దాచుకుంటాను."

మూడు రోజుల తర్వాత పరాంకుశం గారు ఆమెను పిలిపించి పాట వినిపించారు. అందులో నీలిమబ్బులు ఉన్నాయి, కడలి ఘోష ఉంది, విరహం ఉంది. గురువుగారి నోట ఇంత మంచి పాట తానెన్నడూ వినలేదనుకుంది వకుళ. నూకాలు చేతులు కట్టుకుని చివరిదాకా విని, కాస్త తటపటాయించింది.

"చాలా బాగుంది బాబూ. కానీ ఇందులో మా ఆయన లేడు. నన్ను సఖీ అని పిలవడం ఆయనకి చేతకాదు. ఒసే అనేవాడు."

గురువుగారి పాటకి వంక పెట్టినవాళ్లని వకుళ అంతవరకూ చూడలేదు. ఏమంటారోనని బిక్కుబిక్కుమంటూ చూసింది. పరాంకుశం గారు తను రాసిన కాగితం మడిచి పక్కన పెట్టేశారు. ఉత్తరం మళ్లీ ఒళ్లో పరుచుకున్నారు.

"ఆయన ఎలా మాట్లాడేవాడమ్మా? ఎక్కడ ఆగేవాడు?" అని అడిగి, ఆమె చెబుతున్నంతసేపూ చిన్నపిల్లాడిలా విన్నారు.

మధ్యాహ్నానికి పాట తయారైంది.

"ఒసే, ఇక్కడ వాన తెరిపివ్వదు. గొడుగు కొన్నాను. నీకూ ఒకటి కొన్నాను. తెచ్చేదాకా తడవకే."

అందులో గురువుగారి మాట ఒక్కటీ లేదు. 'నీకూ ఒకటి' దగ్గర రాగాన్ని పైకెత్తి ఒక్క క్షణం ఆపారు. 'తడవకే' అన్న మాటని మూడుసార్లు, ఒకదాని కంటే ఒకటి మెల్లగా దించారు. అంతే. ఆయన పాట రెండోసారి ఎత్తుకునేసరికి నూకాలు గొంతు కలిపింది. మూడోసారి ఆయన ఆపేశారు, ఆమె ఒక్కతే పాడింది. చివరి 'తడవకే' దగ్గరికి వచ్చేసరికి, బయట ఎండ మండిపోతున్నా, తనకి తెలియకుండానే పమిట తల మీదికి లాక్కుంది.

ఆమె వెళ్లాక వకుళ గురువుగారి పాటలన్నీ ఎక్కించే పుస్తకం తెరిచి, కలం పట్టుకుని ఆగిపోయింది.

"కర్త పేరు ఏమని రాయను గురువుగారూ?"

"ముందు ఒక్క అక్షరం మార్చకుండా పాట రాయమ్మా," అన్నారు పరాంకుశం గారు. వకుళ ఆ పాట అలాగే ఎక్కించి, తన పాటలో కొట్టేసిన నాయనమ్మ పాదాన్ని మళ్లీ రాసుకుంది.