తులజ కాళ్లకింది చెక్కలు

తులజకి మనసు ఒకచోట నిలిచేది కాదు. మనసు సంగతి సరే, కాళ్లూ నిలిచేవి కావు. పట్నంలో డాక్టరు పరీక్ష చేసి ఏడీహెచ్‌డీ అన్నాడు. ఆయన ఆ పేరు పలికి ముగించేలోపు ఈ పిల్ల ఆసుపత్రంతా చుట్టబెట్టి, కాంపౌండరు సైకిలు గంట కొట్టి, వచ్చి కూర్చుందట!

కాలేజీ చదువు సగంలో ఆగింది. తోలుబొమ్మలాటైనా నేర్చుకుంటానని పట్టుబట్టి నాగోజీ దగ్గర చేరింది. నాగోజీ అంటే మా మేళానికి గురువు. ఆయన బొమ్మనాడిస్తే, చచ్చిన మేక లేచొచ్చి తన తోలు తానే చూసుకుని మురిసిపోయేది. అబద్ధమైతే అడగండి, తెర వెనక పాట పాడింది నేనేగా!

మరి ఈ పిల్లో? పదితలల రాక్షసుడికి కళ్లు చెక్కమంటే, కొన్ని తలలకి చెక్కి గుర్రం తోక అందుకునేది. తోక సగంలో ఉండగా రాజుగారి కిరీటం. పాపం రాక్షసుడు సగం తలలతో గుడ్డివాడే! గురువు కథ చెబుతుంటే కింద ఆమె కాళ్లు దడదడలాడేవి. ఆ దెబ్బకి నేలలో పడ్డ గుంటలో మా కోడి గుడ్లు కూడా పెట్టింది.

ఒకరోజు కొత్త బొమ్మకని దాచిన మేకతోలు నానబెట్టి, ఆ సంగతే మరిచిపోయింది. కుక్కలు ఈడ్చుకుపోయాయి.

తోటి శిష్యుడు మల్లోజీ ఊరుకుంటాడా? "ఇంక కుక్కలకే ఆట నేర్పవే తులజా! తోలు వాటి దగ్గరే ఉంది."

ఎప్పుడూ ముందుగా నవ్వే పిల్ల ఈసారి నవ్వలేదు. వాళ్ల నాన్నకి ఫోను చేసింది. "వచ్చి తీసుకుపో నాన్నా. ఇది కూడా నాకు రాదు."

తరవాత గురువు ముందు నిలబడింది. నిలబడింది అనకూడదులెండి, అటూ ఇటూ ఊగింది.

"తాతా, బొమ్మ కదలకుండా తెరకి ఈతముల్లు గుచ్చుతారే, నా మనసుకి అట్లాంటి ముల్లు ఏదీ లేదా?"

నాగోజీ అటక మీంచి రెండు చెక్కలు దింపాడు. యుద్ధం ఆడించేటప్పుడు కాళ్లతో దబదబా తొక్కే చెక్కలు. మేళంలో ఆయన తప్ప ఇంకెవరూ వాటిమీద కాలు పెట్టి ఎరగరు. తెచ్చి ఆమె కాళ్ల కింద పెట్టాడు.

"సాయంత్రం యుద్ధం. కోతి నీది. ఆడి పో."

పొద్దు వాలేసరికి వాళ్ల నాన్న ఏకోజీ వచ్చేశాడు. ఆట అవగానే బస్సెక్కాలని, కూతురి సంచి ఒళ్లో పెట్టుకుని ముందువరసలో కూర్చున్నాడు.

ఇంక చూడాలి! తులజ చెక్కలు తొక్కుతుంటే ఆకాశంలో ఉరుములు సిగ్గుపడి వెనక్కి పోయాయి. రెండు చేతుల్లో కోతి ఎగిరి, దూకి, రాక్షసుడి మీసం పీకుతోంది. ఊరు ఊరంతా కేకలు!

అంతలో దీపంలో వత్తి జారింది. మంట తెర మీదికి లేచింది. మల్లోజీ చూపు తన రాక్షసుడి మీదే ఉంది. నేనా, రాగం ఎత్తి కళ్లు మూసుకున్నాను. చూసింది తులజ ఒక్కతే. కాలు ఆపకుండానే కోతిని చంకలో ఇరికించి, ఒక్క గెంతులో వెళ్లి వత్తి నొక్కేసింది. వెలుగు తగ్గింది. యుద్ధంలో మబ్బు కమ్మిందనుకుని బయట ఈలలు!

అంతా బాగానే ఉంది, కోతిని తెర మీదికి తేవడం మరిచిపోయింది.

అక్కడ రాక్షసుడు ఒంటరిగా గాలితో కొట్టుకుంటున్నాడు. మల్లోజీకి చెమటలు. నాగోజీ రాక్షసుడి గొంతుతో అందుకున్నాడు. "ఏడిరా ఆ కోతి? భయపడి పారిపోయాడా?"

తులజ ఉలిక్కిపడింది. ఎటునుంచి పోయిందో అటునుంచి కాకుండా, తెర రెండో కొస నుంచి కోతిని రాక్షసుడి వీపు మీదికి దూకించింది! జనం లేచి నిలబడ్డారు. పక్క జిల్లాలో పడుకున్న పసిపిల్లలు కూడా లేచుంటారు.

ఆట అయింది. జనం కదిలారు. ఏకోజీ తెర దగ్గరికొచ్చాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి, కానీ సంచి మాత్రం వదల్లేదు.

"బాగా ఆడింది గురువుగారూ. కాని దీని మనసు ఒకచోట నిలిచేది ఎప్పటికి?"

నాగోజీ కోతిబొమ్మ తీసుకున్నాడు. తెర నడుమ పెట్టి ఈతముల్లు గుచ్చాడు. వెనక దీపం పెంచాడు.

"నిలబెట్టాను. చూడు."

ఏకోజీ చూశాడు. గడ్డం గోక్కున్నాడు. ఇంకాస్త చూశాడు. ఆవలించబోయి నోరు మూసుకున్నాడు.

"ఇంకా చూడు" అన్నాడు గురువు.

అంతలో తెర వెనక దడదడలాడింది. బొమ్మలు తుడుస్తూ తులజ చెక్కల మీదికి ఎక్కినట్టుంది. ఏకోజీ తల చటుక్కున అటు తిరిగింది.

చాలాసేపు అటే చూస్తుండిపోయాడు. తరవాత ఒళ్లు వంచి, సంచిని తెర కిందనుంచి లోపలికి తోశాడు.

నాగోజీ ముల్లు పీకి మల్లోజీ చేతికిచ్చాడు.

"రేపు తోలు నానేసే తొట్టి ఈ పిల్ల నడిచే దారికి అడ్డంగా పెట్టు. కాలికి తగిలైనా గుర్తొస్తుంది."