కుదవలో ఉన్న ట్రాక్టరు

మా ఇంట్లో తెలివికి లోటు లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు కాబట్టి మేమే అనుకోవాల్సి వచ్చింది. రోజూ పొద్దున చద్దన్నం తినేటప్పుడు ఒకసారి అనుకుని, ఆ తర్వాత పనిలోకి దిగుతాం. "మనం ఆలోచించకుండా ఏ పనీ చెయ్యం" అంటాడు మా పెదన్న మస్తానయ్య. "చేసినాక కూడా ఆలోచిస్తాం" అంటాడు చిన్నన్న చెంగయ్య. నేను పెంచలయ్యని, అందరికంటే చిన్నవాణ్ణి. ఇద్దరూ చెప్పింది నిజమేనని తలూపడం నా పని. మా మేనత్త శేషమ్మ మాత్రం, "మీ తెలివంతా నా పెంపకంలో వచ్చిందేరా" అని ఆ పేరు తనే కొట్టేస్తుంది. ఇప్పుడు తల్చుకుంటే, ఆ నేరం ఒప్పుకున్నది ఆవిడొక్కతే.

గూడూరుకి పడమరగా మాకు మూడెకరాల నిమ్మతోట ఉంది. మాకు అంటే అత్తకి. అమ్మా నాన్నా పోయాక ఆ తోట మీదే మా ముగ్గురినీ సాకింది. నిమ్మచెట్ల కొమ్మలు కిందికి వాలి ఉంటాయి, పెద్ద ట్రాక్టరు దూరితే విరిగిపోతాయి. అందుకని ఇన్నేళ్ళూ అత్తా మేమూ పారలు పట్టుకుని చెట్టు చెట్టుకీ తవ్వుకుంటూ వచ్చాం. ఆ ఏడు అత్త మోకాళ్ళు మొరాయించాయి.

"ఇదిగో అబ్బయ్యా, నేను ఇంక పార పట్టను" అంది అరుగు మీద కూలబడి. "చిన్న ట్రాక్టర్లు వచ్చుండాయంట, నడుమెత్తు ఉంటాయంట. ఒకటి తెండి. వాయుగుండం వానలు పడేలోగా తోట దున్నితే సరి. లేదంటే కాయల వ్యాపారి సుదర్శనానికి అయిదేళ్ళు కౌలుకిచ్చేస్తా. మీరు ముగ్గురూ ఏ ఊరన్నా పోయి కూలికి చేరండి."

నాకు ఏడుపొచ్చింది. మాకు ఆ తోటపని తప్ప ఇంకో పని రాదు. అది కూడా అంతంత మాత్రమే. వానలు మొదలైతే ఆ నేల బురదవుతుంది, రెండు నెలలు నాగలి దిగదు. ఈలోగా గడ్డి చెట్ల బలమంతా లాగేస్తుంది, ఎండాకాలం కాయ ఉండదు. ఇంకేముంది, ముగ్గురం ఉతికిన చొక్కాలు వేసుకుని గూడూరు ట్రాక్టర్ల షాపుకి పోయాం.

అత్త దాచిన డబ్బు ట్రాక్టరు ధరలో సగం ఉంది. మస్తానయ్యకి వెంటనే ఆలోచన తట్టింది.

"సగం డబ్బుండాది. సగం ట్రాక్టరు ఇయ్యండి. మిగతా సగం వచ్చే కాపుకి తీసకపోతాం."

షాపతను నవ్వాడు. ఒప్పుకున్నాడనుకుని మేం పక్కకెళ్ళి మాట్లాడుకున్నాం. ముందు సగం తీసుకుంటే ఇంజను వస్తుందని పెదన్న. వెనక సగం తీసుకుంటే పెద్ద చక్రాలొస్తాయని చిన్నన్న. నిలువునా కోసుకుంటే అన్నిట్లో సగం వస్తుందని నేను. నా మాట ఇద్దరికీ నచ్చింది. షాపతనికి నచ్చలేదు.

"అట్టా కుదరదయ్యా. మా దగ్గరే అప్పు ఇప్పిస్తాం. ఈ నెల ఒక్క రూపాయి కట్టొద్దు, బండి తోలుకుపోండి. వచ్చే నెల నుంచి కిస్తీ" అన్నాడు.

చెంగయ్య కళ్ళు మెరిశాయి. "అయితే ఈ నెలాఖరుకి ఇది తెచ్చిచ్చేస్తాం. ఒకటో తేదీన ఇంకోటి ఇయ్యండి. దానికీ మొదటి నెల కట్టక్కర్లేదు గదా?"

అంతే. షాపతను మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపాడు. చాలా మర్యాదస్తుడు. మళ్ళీ రావద్దని కూడా మర్యాదగానే చెప్పాడు.

ఇక మిగిలింది బ్యాంకు. మండలం బ్యాంకులో మేనేజరు ప్రభాకరం గారు ఓపికమంతుడు. ఆయన ఓపిక ఎంతో ఆరోజు ఆయనకే తెలిసింది. "మూడేళ్ళలో తీర్చేస్తారా, అయిదేళ్ళలోనా? ఏళ్ళు పెరిగేకొద్దీ కిస్తీ చిన్నదవుతుంది, మొత్తమ్మీద వడ్డీ ఎక్కువవుతుంది" అని విడమరిచి చెప్పాడు.

"చిన్నదే పెట్టండి సార్" అన్నాడు మస్తానయ్య. "ఏడొందల ఏళ్ళకి రాయండి."

"ఏడొందల ఏళ్ళు మీరు బతకొద్దూ?"

"మేం ఉండం లెండి. అప్పటికి మీరుంటారు గదా, మా మనవళ్ళ మనవళ్ళ దగ్గర వసూలు చేసుకోండి."

ప్రభాకరం గారు మంచినీళ్ళు తాగి అయిదేళ్ళకి రాశాడు. సగం మేం కట్టేట్టు, మిగతా సగం బ్యాంకు అప్పు. తోట కాగితాలు తాకట్టు పెట్టాలి, చివరి కిస్తీ కట్టేదాకా ట్రాక్టరు కూడా తాకట్టులోనే, అంటే మా మాటలో కుదవలోనే, ఉంటుంది అన్నాడు. మేం సరేనని సంతకాలు పెట్టాం. అత్త వేలిముద్ర వేసి, వేలు ఆయన టేబిలుగుడ్డకే తుడిచింది.

పదిరోజులకి ట్రాక్టరు వచ్చింది. ఎర్రగా, బుజ్జిగా, బొమ్మలా ఉంది. అత్త హారతిచ్చింది. చెంగయ్యకి తోలడం వచ్చు, ఎక్కి కూర్చుని తాళం తిప్పబోయాడు.

"ఆగరా!" అని అరిచింది అత్త. "అది కుదవలో ఉండాదని మర్చిపోయినావా?"

"అయితే?"

"ముందటేడు నా కాసులపేరు ఇదే బ్యాంకులో కుదవ పెట్టినామా లేదా? విడిపించేదాకా మెళ్ళో వేసుకున్నానా? మన చుట్టాలమ్మాయి నాగరత్నం పెళ్ళికి బోసిమెడతో పోయినాను గదరా! కుదవ సొమ్ము వాడుకోవడం దొంగతనంతో సమానం."

చెంగయ్య నిప్పు తొక్కినట్టు కిందికి దూకాడు. ఎంత తప్పు జరిగిపోయేది! అత్త లేకపోతే ఈ ఇంటి పరువు ఆరోజే పోయేది.

"అసలు కుదవ సొమ్ము మనింట్లో ఎందుకుండాది?" అన్నాడు మస్తానయ్య మెల్లగా. "కాసులపేరుని వాళ్ళు ఇనప్పెట్టెలో పెట్టుకున్నారు గదా. దీన్నీ బ్యాంకులో అప్పజెప్పాల."

నిజమే. అయితే బ్యాంకుకి నాలుగు మైళ్ళు. ఇంజను వేస్తే వాడినట్టవుతుంది. ఇంకేముంది, ఎదురింటి కోటయ్య ఎద్దుల జత బాడుగకి తెచ్చి, ట్రాక్టరుకి మోకు కట్టి లాగించాం. అత్త ముందు, ఎద్దులు ఆ వెనక, ట్రాక్టరు ఆ వెనక, తోసుకుంటూ మేం. దోవలో కోటయ్య అడగనే అడిగాడు.

"బండి చెడిపోయిందా అబ్బయ్యా?"

"లేదు, కొత్తది."

"మరి తోలుకుపోక ఈ లాగుడేంది?"

"నీకు బ్యాంకు సంగతులు తెలవవులే కోటయ్యన్నా" అన్నాడు చెంగయ్య. కోటయ్య బాడుగ ముందే ఇచ్చెయ్యమన్నాడు.

బ్యాంకులో ప్రభాకరం గారు లేడు. కూతురి పెళ్ళికి సెలవు పెట్టి పోయి ఉన్నాడు. వాకిట్లో వాచ్‌మన్ ఖాదర్‌బాషా ఉన్నాడు. మేం ఇనప్పెట్టె గది తలుపు వెడల్పు జానతో కొలిచి చూశాం. ట్రాక్టరు పట్టదు. ముందు చక్రాలు ఊడదీస్తే పట్టొచ్చని చెంగయ్య అన్నాడు గానీ, ఖాదర్‌బాషా తుపాకి భుజం మార్చుకునేసరికి ఆ ఆలోచన మానుకున్నాం. గోడవారగా నిలబెట్టుకోమన్నాడు. బండి తాళంచెవి కూడా అతనికే ఇచ్చేశాం. రసీదు లేకుండా సొమ్ము అప్పజెప్పనంది అత్త. అతను ఒక చీటీ వెనకవైపు 'ట్రాక్టరు ఒకటి ముట్టింది' అని రాసిచ్చాడు. అత్త దాన్ని కొంగున కట్టుకుంది.

ట్రాక్టరు కుదవలోకి పోతే తోట మాత్రం ఎట్లా బయటుంటుంది? తోటని ఎద్దులు లాగలేవు. అందుకని గేటుకి తాళమేసి, తాళంచెవి తీసుకుపోయి ఖాదర్‌బాషా చేతిలో పెట్టాం. ఆ మనిషి మా ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

అంతే. ఆరోజు నుంచి తోటలో కాలు పెట్టలేదు. కంచె బయట నిలబడి చూడ్డమే. గడ్డి పిక్కల దాకా ఉండేది, మోకాళ్ళు దాటింది. కాయలు పండి రాలుతున్నాయి. కంచెకి అవతల పడినవి బ్యాంకువి, ఇవతల పడినవి మనవి అని అత్త తేల్చింది. ఒక్కటీ ఇవతల పడలేదు. ఇంటికి చుట్టాలొస్తే మజ్జిగలో పిండటానికి చెంగయ్య గూడూరు పోయి నిమ్మకాయలు కొనుక్కొచ్చాడు. కొన్నచోట ఎవరి కాయలని అడిగితే, మీ ఊరివే అన్నారంట.

రెండు వారాలు పోయాయి. రేడియోలో వాయుగుండం కబురు మొదలైంది. సుదర్శనం స్కూటరేసుకుని వచ్చి కంచె చుట్టూ ఒకసారి తిరిగి, "ఏం పెద్దమ్మా, కౌలు కాగితం రాసుకుందామా?" అన్నాడు. అత్త నేలకేసి చూసింది. "రెండ్రోజులాగు నాయనా" అంది. ఆ గొంతు విని నా గుండె చెరువైంది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే ఆ తోటలోనే నీడకి గోనెపట్టా వేసి పడుకోబెట్టి, పక్కనే తవ్వుకుంటూ ఉండేది. అలాంటి తోట ఇంకోడి చేతిలోకి పోతుంది. మేమేమో కంచె బయట నిలబడి గడ్డి ఎదుగుతుంటే చూస్తున్నాం.

మర్నాడు బ్యాంకు నుంచి కబురు. పరుగెత్తాం. ప్రభాకరం గారు సెలవు ముగించుకుని వచ్చి, వాకిట్లో మా ట్రాక్టరు ముందు నిలబడి ఉన్నాడు. దాని మీద ఖాదర్‌బాషా లుంగీ ఆరేసుకున్నాడు.

"ఎవరిదయ్యా ఈ ట్రాక్టరు?"

"మీదే సార్" అన్నాం ముగ్గురం ఒక్కసారే.

అత్త కాసులపేరు సంగతంతా చెప్పింది. ఆయన విన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. మేం అలానే ఉన్నాం.

"అమ్మా, బంగారం లాగా కాదు ఇది. పేరుకే తాకట్టు. బండి మీ దగ్గరే ఉంటుంది, తోట మీ దగ్గరే ఉంటుంది. దున్నితేనే కాయ, కాయ అమ్మితేనే కిస్తీ. మీరు దున్నకపోతే నాకు డబ్బులు ఎట్లా కడతారు? పోండి, ఈరోజే దున్నుకోండి!" అని తాళంచెవులు రెండూ అత్త చేతిలో పెట్టాడు. ఫైలులోంచి ఒక ఫోటో కూడా తీసిచ్చాడు. "అప్పు ఇచ్చేముందు మా ఫీల్డాఫీసరు వచ్చి తీసిన తోట ఫోటో. వచ్చేవారం మళ్ళీ వస్తాడు. తాకట్టు పెట్టిన తోట ఉన్నది ఉన్నట్టు ఉందని చూసుకుని పోతాడు. భయపడొద్దు."

బయటికొచ్చాక అత్త బుగ్గలు నొక్కుకుంది. "పాపం, ఎంత అమాయకుడురా! ఒక్క కిస్తీ కూడా కట్టకుండానే కుదవ సొమ్ము తిరిగిచ్చేసినాడు. పైవాళ్ళకి తెలిస్తే ఉద్యోగం పోతుంది. మనం ఈయన్ని కాపాడాల."

ఇంకేముంది, చెంగయ్య ట్రాక్టరెక్కాడు. మూడు రోజులు దున్నాం. కొమ్మ విరగకుండా చెట్టు చెట్టుకీ మధ్య దూరి ఆ బుజ్జి బండి ఎంత బాగా దున్నిందని! గడ్డి వేళ్ళతో సహా లేచి పక్కకి పడింది. కింద ఎర్రమట్టి పొంగింది. మూడోరోజు మధ్యాహ్నానికి చివరి సాలు అయిపోయింది. అత్త చెప్పులు విప్పి దుక్కిలో దిగి, పిడికెడు మట్టి తీసి వాసన చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పార పట్టకుండా దుక్కి చూశానురా" అంది. మేం నలుగురం ఏడ్చాం. ఆ రోజుతో కథ అయిపోయి ఉంటే మా అంత తెలివైన వాళ్ళు లేరని నేనే ఒప్పుకునేవాణ్ణి.

గట్టు మీద కూర్చుని మస్తానయ్య జేబులోంచి బ్యాంకు ఫోటో బయటికి తీశాడు. చూశాడు. తోట వంక చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు.

"రే, ఫోటోలో గడ్డి ఉండాది."

అందరం చూశాం. ఉంది. పిక్కల దాకా తుంగ, గరిక. తోటలో ఒక్క పోచ లేదు.

"ఉన్నది ఉన్నట్టు ఉండాలన్నాడు గదా సారు" అన్నాడు చెంగయ్య.

"కాసులపేరులో ఒక్క కాసు తగ్గితే మనం ఊరుకుంటామా?" అంది అత్త. "మనల్ని నమ్మి ఇచ్చినాడు. ఆ మహానుభావుడి పిల్లలకి అన్నం లేకుండా చేస్తామా?"

అంతే. మర్నాడు పొద్దునే పక్క పాలెం నుంచి పన్నెండు మంది నాటుకూలీలని పిలిచాం. పీకి పడేసిన గడ్డంతా ఏరి కట్టలు కట్టాం. మస్తానయ్య ఫోటో పట్టుకుని, "తుంగ ఇటు, గరిక అటు, ఆ మూడో చెట్టు మొదట్లో పల్చగా" అని చెప్తుంటే వరి నాటినట్టు వరసగా నాటుకుంటూ పోయారు.

"ఏం పంట అన్నా ఇది?" అని అడిగింది ఒకావిడ నవ్వాపుకోలేక.

"బ్యాంకు పంట" అన్నాడు చెంగయ్య గర్వంగా.

రెండు రోజులు పట్టింది. చివరి కుదురు నాటి లేచేసరికి ఆకాశం మూసుకొచ్చింది. వాయుగుండం రానే వచ్చింది. నాలుగు రోజులు విడవకుండా వాన. ఎక్కడన్నా నాటు చచ్చిపోయిందేమోనని గొడుగేసుకుని తిరిగి చూశాం. ఒక్క కుదురు చావలేదు. ముందుకంటే ఏపుగా లేచింది. "మీ చేతి చలవ" అని అత్త మెచ్చుకుంది. సుదర్శనం మళ్ళీ వచ్చి, "తోట దున్నకపోతే కౌలుకిస్తానన్నావు గదా పెద్దమ్మా?" అన్నాడు. "దున్నాం" అంది అత్త. అబద్ధం కాదు కదా. అతను గడ్డి వంక చూసి, మా వంక చూసి, స్కూటరు తిప్పుకుని పోయాడు.

ఆ వారంలోనే ఫీల్డాఫీసరు గొడుగు పట్టుకుని వచ్చాడు. గేటు దగ్గరే నిలబడి మా చేతిలోని ఫోటో తీసుకుని చూశాడు, తోట చూశాడు. "అంతా అలానే ఉంది" అన్నాడు. మేం గెలిచినట్టు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నాం. అంతలో ఆయన మాటవరసకి, "ఇందులో ఒక మనిషి కూడా ఉన్నాడే?" అన్నాడు.

అందరం ఫోటో మీదికి వంగాం. మూడో చెట్టు పక్కన, కెమెరా వంక చూస్తూ, నోరు తెరుచుకుని, కుడిచెయ్యి నెత్తిన పెట్టుకుని ఉన్నది నేనే.

అంతే. అప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను. అన్నం అత్త తెచ్చి పెడుతుంది. అప్పు తీరడానికి ఇంకా నాలుగేళ్ళ ఎనిమిది నెలలే ఉంది. మీరు ఇటుగా వస్తే పలకరించి పొండి, కాసేపు మాట్లాడుకుందాం. నెత్తిన చెయ్యి తియ్యమని మాత్రం అనొద్దు, ఆఫీసరు ఎప్పుడొస్తాడో తెలియదు.