గంప కింద రౌడీ

చెప్పింది చెప్పినట్టు చేసేవాణ్ణి మించిన తెలివిగలవాడు ఉండడని కోటిలింగానికి గట్టి నమ్మకం. భార్య భూలక్ష్మి నమ్మకమూ అదే, తమ్ముడు ముత్యాలరావు నమ్మకమూ అదే. ముగ్గురూ రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, ఇంత తెలివి తమ ఒక్కింట్లోనే ఎలా కుప్పపడిందా అని ఆశ్చర్యపోతూ కాఫీ తాగేవారు.

ఊరు మాత్రం వేరేలా అనుకునేది. ఒకసారి పక్కింటి పెళ్ళిలో కోటిలింగాన్ని పిలిచి, "పాలు పొంగేదాకా కాస్త చూస్తుండు బాబూ" అన్నారు. చూశాడు. పాలు పొంగాయి. గిన్నె సగం ఖాళీ అయ్యేదాకా రెప్ప వేయకుండా చూసి, "పొంగేయండీ, చాలా బాగా పొంగేయి" అని చెప్పొచ్చాడు. అంతే, ఆ రోజు నుంచి ఈ ముగ్గురికీ ఊళ్ళో ఎవరూ చిన్న పని కూడా అప్పజెప్పలేదు. కోటిలింగం పైకి అనేవాడు కాదు గానీ, ఆ సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమనేది.

అలాంటిది, మేనత్త మాణిక్యమ్మ తన పదకొండు కోడిపెట్టల్ని రిక్షాలో ఎక్కించుకుని వచ్చి వాళ్ళ పెరట్లో దింపింది. తల్లి పోయాక కోటిలింగాన్ని పెంచింది ఆవిడే. ఇప్పుడు కూతురి పురుడుకి వెళ్తోంది.

"ఊరంతా వద్దన్నార్రా లింగం. నా లింగం చూసుకుంటాడని చెప్పేను. పది రోజులు. గుడ్లు మీరే వండుకోండి. కానీ నేనొచ్చేసరికి ఒక్క ఈక తగ్గిందో, మళ్ళీ నీ గడప తొక్కను."

కోటిలింగం కళ్ళు చెమర్చాయి. పాల సంగతి తెలిసి కూడా తనని నమ్మిన మనిషి లోకంలో ఈ అత్త ఒక్కతే. ఆవిడ గడప తొక్కకపోతే ఇంక తనకెవరున్నారు? "ఒక్క ఈకా తగ్గదు అత్తా" అన్నాడు.

ఆరో రోజు పొద్దున్న చూస్తే పెరడంతా ఈకలే. పదకొండింట్లో ఒక తెల్ల పెట్ట ఉంది, పాపం దాని వీపు బోడిగా, ఎర్రగా కమిలిపోయి ఉంది. అది మెతుకు దగ్గరికి వస్తే చాలు, ఓ లావుపాటి ఎర్ర పెట్ట పరుగెత్తుకొచ్చి టక్కుమని పొడుస్తోంది. దాన్ని చూసి మిగతావీ ఓ పోటు వేస్తున్నాయి.

"అన్నయ్యా, ఈకలు పోయేయి!" అని గుండె బాదుకున్నాడు ముత్యాలరావు.

"పోలేదురా, ఇక్కడే ఉన్నాయిగా. ఏరు" అన్నాడు కోటిలింగం. అదీ తెలివంటే! ముగ్గురూ వంగి, పెరడంతా గాలించి, ఒక్కటి వదలకుండా దిండు గలీబులోకి ఏరారు. భూలక్ష్మి చిక్కటి గంజి కాచింది. తెల్లదాని వీపంతా గంజి పూసి, ఈకలన్నీ వరసగా అంటించారు. పెట్ట కొత్త పెళ్ళికూతురిలా తయారైంది. ముగ్గురూ మురిసిపోయి దాన్ని పెరట్లోకి వదిలారు.

ఇంకేముంది, గంజి వాసనకి పది పెట్టలూ ఎగబడ్డాయి. అంటించిన ఈకలతో పాటు సొంత ఈకలు కూడా ఊడొచ్చాయి.

ముత్యాలరావు మళ్ళీ గలీబు తెచ్చాడు. కోటిలింగం మాత్రం తెల్లదాన్ని చంకలో పెట్టుకుని పశువుల డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాడు.

డాక్టరు గారు వీపు చూసి మందు రాసి ఇలా చెప్పారు: "ఇరుకులో ఊసుపోక ఉంటే కోళ్ళు ఇలాగే చేస్తాయయ్యా. వాటి కళ్ళెదుట ఎప్పుడూ ఓ తోటకూర కట్ట ఉండేలా కట్టండి. దాన్ని పొడుచుకుంటూ కూర్చుంటాయి. ఓ మూల బూడిద పోయండి, అందులో పొర్లితే పేలు పోతాయి. అసలు ముఖ్యం ఇది. అందర్నీ పొడిచేది ఒకటుంటుంది, దాన్ని మాత్రం ఎవరూ పొడవరు. అదే మీ రౌడీ. కనిపెట్టి, మూడు రోజులు గంప కింద పెట్టండి. మిగతావి దాని కంట పడకూడదు. మూడో రోజు పొద్దుగూకాక తీసి, అవి పడుకునే గెడ మీద వాటి పక్కన కూర్చోబెట్టండి. తెల్లారేసరికి పొగరు దిగిపోతుంది."

దారంతా కోటిలింగం ఈ మాటలు వల్లె వేసుకుంటూ ఇల్లు చేరాడు.

ముందు తోటకూర. "ఎక్కడ కట్టాలి?" అంది భూలక్ష్మి. గోడకి కడితే కోళ్ళు అటు తిరిగినప్పుడే కనిపిస్తుంది. చెట్టుకి కట్టినా అంతే. ముగ్గురూ చాలాసేపు ఆలోచించారు.

"వదినా, ఆ పది కోళ్ళూ పొద్దస్తమానం దేన్ని చూస్తున్నాయి?" అన్నాడు ముత్యాలరావు.

"తెల్లదాన్ని."

అంతే, తోటకూర కట్ట తీసుకెళ్ళి తెల్లదాని వీపు మీద కట్టేశారు!

ఆ పెట్ట ఆ రోజు పరుగెత్తినంత దూరం ఏ కోడీ జన్మలో పరుగెత్తి ఉండదు. వెనకాల పది కోళ్ళు, వాటి వెనకాల కోటిలింగం, అతని వెనకాల గలీబు పట్టుకుని ఈకలేరుతూ ముత్యాలరావు. చివరికి కట్ట తెగి కిందపడింది గనక అది బతికింది. కోటిలింగం దాన్ని గుండెలకి హత్తుకుని, "నీకేమన్నా అయితే అత్తకి నా మొహం ఎలా చూపించనే" అని నిజంగానే ఏడ్చాడు.

తరవాత బూడిద. పొయ్యిలో బూడిదంతా మూల పోసి ముగ్గురూ కాచుకు కూర్చున్నారు. ఒక్క కోడీ పొర్లలేదు.

"పాపం వాటికి రాదేమోనండీ" అంది భూలక్ష్మి.

"అయితే నేర్పాలి" అన్నాడు కోటిలింగం.

ఇంకేముంది, ముందు కోటిలింగం పొర్లాడు. అతని పక్కన భూలక్ష్మి కొంగు బిగించి పొర్లింది. ముత్యాలరావు తుమ్ముతూ పొర్లాడు, పొర్లుతూ తుమ్మాడు. కోళ్ళు వరసగా నిలబడి తల పక్కకి వంచి చూశాయి. గోడ మీంచి చూసిన పక్కింటావిడ తలుపు వేసుకుని గడియ పెట్టుకుంది.

ఆ మర్నాడు రౌడీని కనిపెట్టే పని. ముత్యాలరావు బొగ్గు తీసుకుని ఎవరు ఎవర్ని పొడిస్తే వాళ్ళ పేరున గోడ మీద గీత గీశాడు. మధ్యాహ్నానికి గోడంతా ఎర్రదాని గీతలే.

"ఎర్రదే రౌడీ" అంది భూలక్ష్మి. ఈ కథ అక్కడితో అయిపోయేదే. కానీ సరిగ్గా అప్పుడే ఎర్రది స్టీలు గిన్నె దగ్గరికెళ్ళి అందులో తన నీడని చూసి ఠంగున పొడిచింది.

"ఆగండి!" అన్నాడు కోటిలింగం. "గిన్నెలో కోడి దీన్ని కూడా పొడిచింది. నేను చూశాను. రౌడీని ఎవరూ పొడవరని కదా డాక్టరు గారు చెప్పింది? ఇది రౌడీ కాదు."

నిజమే! ముగ్గురూ గోడంతా మళ్ళీ వెతికారు. పొడుపు తినని కోడి ఒక్కటీ లేదు. అప్పుడు ముత్యాలరావు మెల్లగా తలెత్తి పెరటి మధ్యలో నిలబడ్డ అన్నని చూశాడు.

"అన్నయ్యా, నిన్ను ఏ కోడైనా పొడిచిందా?"

"లేదే."

"పొద్దున్న మందు రాస్తూ నువ్వు తెల్లదాని వీపు మీద వేలితో పొడవలేదూ?"

కోటిలింగం మొహం పాలిపోయింది. పొడిచాడు. రెండుసార్లు పొడిచాడు. "నేనింత రౌడీనని నాకే తెలీదురా" అన్నాడు. "ఆలస్యం చేయకండి. గంప తెండి."

ఇంట్లోకెల్లా పెద్ద గంప తెచ్చి అతని మీద బోర్లించారు. గొంతుక్కూర్చున్నా గంప అంచు నేలకి ఆనలేదు, జానెడు సందు ఉండిపోయింది. భూలక్ష్మి ఆ సందులోంచి పూటపూటా నూకలూ నీళ్ళూ పెట్టింది. నూకలు ఉడకబెట్టమని డాక్టరు గారు చెప్పలేదు గనక పచ్చివే పెట్టింది.

మొదటి రోజే ఎర్రదాని దెబ్బకి పారిపోయి తెల్లది ఆ సందులోంచి గంప కిందికి దూరింది. కోడి కంట పడకూడదు కదా! కోటిలింగం గబుక్కున కళ్ళు మూసుకుని, తడుముకుంటూ దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. మూడు రోజులూ కళ్ళు తెరవలేదు. అది అతని నూకలు తిని, అతని ఒళ్ళోనే గుడ్లు పెట్టి, హాయిగా నిద్రపోయింది. మూడో రోజుకి దాని వీపు నిమురుతుంటే వేళ్ళకి చిన్న చిన్న ఈక మొలకలు తగిలాయి. ఇంత రౌడీని కూడా ఈ పిచ్చిది క్షమించిందే అనుకుని కోటిలింగం కరిగిపోయాడు.

మూడో రోజు పొద్దుగూకాక గంప తీసి, అతన్ని కోళ్ళ పక్కన వెదురు గెడ మీద కూర్చోబెట్టారు. గెడ ఒకసారి మూలిగింది గానీ విరగలేదు.

తెల్లారింది. తలుపు తోసుకుని మాణిక్యమ్మ వచ్చింది. గెడ మీద వరసగా అయిదు కోళ్ళు, మేనల్లుడు, ఆరు కోళ్ళు.

"ఒరే లింగం! అక్కడేం చేస్తున్నావురా!"

"పొగరు దిగిపోయిందత్తా!" అని కోటిలింగం కిందికి దూకి, తెల్లదాన్నీ గలీబునీ ఆవిడ చేతుల్లో పెట్టాడు. "ఒక్క ఈకా తగ్గలేదు. కోడి మీద లేనివన్నీ ఇందులో ఉన్నాయి. కొత్తవి కూడా మొలుస్తున్నాయి, అవి లాభం."

జరిగిందంతా విని మాణిక్యమ్మ తల పట్టుకుంది. తరవాత మేనల్లుడి ఎండిన మొహం చూసి ఆవిడకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా కోడికోసం మూడు రోజులు గంప కింద కూర్చున్నావట్రా? నీకు బుద్ధి ఎప్పుడొస్తుందిరా? రౌడీ ఆ ఎర్రది కదుట్రా!" అంటూ పెరటి మధ్యలో నిలబడి కోటిలింగం నుదుటి మీద వేలితో ఓ పోటు పొడిచింది. ముత్యాలరావుని ఒక పోటు, భూలక్ష్మిని ఒక పోటు. మెతుకులకోసం కాళ్ళకి అడ్డం వచ్చిన ఎర్రదాన్నీ ఒక పోటు పొడిచింది.

ముగ్గురూ లెక్క చూశారు. ఆవిడ అందర్నీ పొడిచింది. ఆవిణ్ణి ఎవరూ పొడవలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఇంకేముంది, ముత్యాలరావు గంప తెచ్చాడు.

లోపల్నుంచి వచ్చిన కేకలు వీధి చివరిదాకా వినిపించాయి. కోటిలింగం మాత్రం గంప పక్కనే చతికిలబడి, సందులోంచి తెల్లదాన్ని మెల్లగా లోపలికి పంపాడు. అత్త గడప తొక్కనంటుందేమోనని పది రోజులుగా గుండెలో ఉన్న బెంగ ఆ క్షణాన తీరిపోయింది.

"మూడు రోజులు నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదత్తా" అన్నాడు ప్రేమగా. "నూకలు నేనే పెడతాను. కోడొస్తే మాత్రం కళ్ళు మూసుకో."