వాడని కిలోమీటర్లు

ఖమ్మంలో వామనరావు అనే ఆయన ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, ఏ మంచి వస్తువు చేతికొచ్చినా వాడుకోకుండా రేపటికని దాచిపెట్టే జబ్బు ఆయనకు ఉండేది.

మామూలు జాగ్రత్త అయితే నేనూ మెచ్చుకునేవాణ్ని. పెళ్లిలో పెట్టిన పట్టుపంచె బీరువాలోనే మడతల దగ్గర చిరిగిపోయింది. ఇంటికి మామిడిపండ్ల బుట్ట వస్తే ముందు మెత్తబడ్డవి ఏరి తినమనేవాడు. మర్నాటికి ఇంకొన్ని మెత్తబడేవి. అలా బుట్ట అడుగు కనిపించేదాకా ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మంచి పండు తినేవాళ్లు కాదు. ఆయన భార్య శోభ నవ్వి ఊరుకునేది. పండ్లే కదా అనుకునేది.

వామనరావు మిరప విత్తనాలు అమ్మే కంపెనీలో పనిచేసేవాడు. ఒక ఏడు కంపెనీ వాళ్లు ఆయనకు ఒక చిన్న కారు లీజు మీద ఇప్పించారు. లీజంటే బండి మన ఇంటి ముందే ఉంటుంది, మనమే నడుపుకుంటాం, కానీ అది మనది కాదు. నాలుగేళ్లయ్యాక తిరిగి అప్పగించి ఇంకోటి ఎంచుకోవాలి. ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లకు మించి తిప్పకూడదు. గీతలూ సొట్టలూ లేకుండా ఇవ్వాలి. కాగితాల్లో ఉన్నది అంతే. వామనరావు ఆ కాగితాలు మూడుసార్లు చదివి, బండిని ఎంత తక్కువ తిప్పితే అంత మంచిదని తనే తేల్చుకున్నాడు.

బండి వచ్చిన రోజు నిమ్మకాయలు తొక్కించి, దిష్టి తీశారు. ఏడేళ్ల కూతురు ఇందుమతి వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

"నాన్నా, ఇది సముద్రం దాకా పోతదా?" అని అడిగింది.

"ఎందుకు పోదు? పోతది."

"సముద్రం ఎట్ల ఉంటది?"

వామనరావు తల గోక్కున్నాడు. నలభై ఏళ్లొచ్చినా ఆయన సముద్రం చూడలేదు. సినిమాల్లో చూశాడు, అంతే. ఆ మాటే కూతురితో నిజం చెప్పేశాడు. ఇందు కాసేపు ఆలోచించింది. "అయితే ఇద్దరం ఒకేసారి చూద్దాం. నేను నీకన్న ముందు చూడను, నువ్వు నాకన్న ముందు చూడొద్దు" అంది. సరేనని ఆయన కూతురి చేతిలో చెయ్యి వేశాడు.

ఆ రోజు నుంచి ఆయనకు అదొక కోరికై కూర్చుంది. ఆఫీసులో విత్తనాల సంచుల మధ్య కూర్చుని కూడా దాన్నే తలుచుకునేవాడు. ఆయనకు సముద్రం మీద అంత బెంగ లేదు. మొదటిసారి అన్ని నీళ్లు చూసినప్పుడు ఇందు ముఖం ఎలా ఉంటుందో చూడాలి. ఆ కళ్లు ఎంత పెద్దవవుతాయో, భయపడి తన వేలు పట్టుకుంటుందో, వదిలించుకుని పరుగెత్తుతుందో చూడాలి. ఈ లోకంలో ఆయన నిజంగా కోరుకున్నది ఇదొక్కటే అంటే నమ్మండి.

మరి వెళ్లలేదా అంటే, వెళ్లలేదు. ఖమ్మం నుంచి బాపట్ల దగ్గరి సూర్యలంక అయిదారు గంటల దారి. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి అలల ముందు నిలబడొచ్చు. కానీ ఇసుక బండిలోకి వస్తుంది. ఉప్పుగాలికి రంగు పోతుంది. దారిలో ఎవడో ఒకడు గీత పెడతాడు. శోభ అడిగినప్పుడల్లా ఆయన ఒకటే చెప్పేవాడు.

"ఇది మనది కాదు శోభా, తిరిగిచ్చేది. ఇప్పుడు తిప్పని కిలోమీటర్లన్నీ మిగులుతయి కదా, వచ్చే బండికి కలుపుతరు. అప్పుడు సముద్రం ఒక్కటేంది, కన్యాకుమారి దాకా పోదాం."

కిలోమీటర్లు కలుపుతారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అడగనూ లేదు. దాచినది ఎక్కడికీ పోదని ఆయన గట్టి నమ్మకం.

అందుకని ఆ కారుకు సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు అలాగే ఉండిపోయాయి. ఎండాకాలం వాటి మీద కూర్చుంటే కాళ్లు అంటుకుపోయేవి. కూరగాయలకు స్కూటర్, పెళ్లిళ్లకు బస్సు, వానొస్తే ఆటో. బ్యాటరీ పడిపోకుండా ఆదివారం ఆదివారం మాత్రం కాలనీ చుట్టూ ఒక చుట్టు తిప్పేవాడు. ఇందు ముందు సీట్లో కూర్చునేది. విజయవాడ రోడ్డు మలుపు దగ్గరికి రాగానే అడిగేది.

"ఇటు తిరిగితే సముద్రమా నాన్నా?"

"ఇటు తిరిగితేనే."

అని ఆయన రెండో వైపు తిప్పి ఇంటికి తెచ్చేవాడు. రెండేళ్లు అడిగింది. మూడో ఏడు ఆ మలుపు దగ్గర బోర్డు వైపు చూసి ఊరుకునేది. వామనరావుకు అది ఓపికగా కనిపించింది.

నాలుగో ఏడు, బండి అప్పగించడానికి ఇంకా మూడు నెలలుందనగా, ఇందు బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. ఆరో తరగతి పిల్లల్ని బడివాళ్లు సూర్యలంకకు తీసుకెళ్తున్నారు. తండ్రి సంతకం కావాలి.

ఇందు కాగితం ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది. "నాన్నా, వచ్చే శుక్రవారం మా టూరు. ఈ ఆదివారం మనమే పోతే నేను టూరుకు పోను. మనం అనుకున్నం కదా, ఒకేసారి చూద్దామని" అంది.

శోభ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "పోదాం పదండి. నేను పులిహోర కలుపుత" అంది.

వామనరావు గుండె ఒక్కసారి లేచింది. లేచి, మళ్లీ కూర్చుంది. నాలుగేళ్లు అద్దంలా ఉంచిన బండి. ఇంకో మూడు నెలలు. ఇప్పుడు దారిలో గీత పడితే ఇన్నాళ్ల జాగ్రత్త ఏం కావాలి?

"మూడు నెలలు ఓపిక పట్టు తల్లీ. కొత్త బండి రాంగనే మొదటి ప్రయాణం అదే. ఎత్తైన బండి చూసిపెట్టిన, పై కప్పు తెరుచుకుంటది. నువ్వు నిలబడి చూడొచ్చు."

"అయితే టూరుకు పోవద్దా?"

స్నేహితులందరూ వెళ్తుంటే పిల్లను ఒక్కదాన్నే ఆపేంత రాయి కాదాయన. సంతకం పెట్టాడు. శోభ లోపలికి వెళ్లిపోయింది.

శుక్రవారం వెళ్లిన పిల్లలు మర్నాడు తిరిగొచ్చారు. ఇందు ముక్కు ఎండకు కమిలిపోయింది. జడ ఉప్పుకు పీచులా గట్టిపడింది. వామనరావు బడి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఎట్ల ఉంది సముద్రం?" అని అడిగాడు.

ఇందు నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. "నువ్వు చూసినంక చెప్త నాన్నా. ముందే చెప్తే నీకు మజా ఉండదు" అంది.

ఆ రోజు ఆయనకు అన్నం సహించలేదు. పోయిందేమిటో ఆయనకు తెలుసు, కానీ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

మూడు నెలలకు లీజు కంపెనీ మనిషి బండి చూసుకోవడానికి హైదరాబాదు నుంచి వచ్చాడు. తలుపులు తీసి చూశాడు, డిక్కీ తీసి చూశాడు, మోకాళ్ల మీద కూర్చుని అడుగు చూశాడు. ఒక్క గీత లేదు. మీటరు చూసి మాత్రం తలెత్తాడు.

"నలభై ఎనిమిది వేలు తిరగాల్సిన బండి సార్ ఇది. మూడు వేలు కూడా తిరగలే. మీకు ఫ్యామిలీ లేదా సార్?"

అతను ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగాడు. వామనరావు ఆ మాట మింగి, "మిగిలినవి కొత్త బండికి కలుపుతరు కదా?" అన్నాడు.

"ఏవి సార్?"

"తిప్పని కిలోమీటర్లు."

"అవెట్ల కలుస్తయి సార్? నాలుగేళ్లు అయిపోయినయి కదా" అని అతను కాగితం మీద సంతకం తీసుకుని బండి తోలుకుపోయాడు. వామనరావు ఖాళీ అయిన ఆ చోట చాలాసేపు నిలబడ్డాడు. నాలుగేళ్ల ఆదివారాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మలుపు దగ్గర అడిగి అడిగి మానేసిన ఆ గొంతు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రమే ముగ్గురూ షోరూమ్‌కు వెళ్లారు. ఆయన మనసుపడ్డ ఎత్తైన బండి అద్దాల వెనక మెరుస్తూ ఉంది. నాలుగు నెలలు ఆగితే వస్తుందని సేల్స్‌మన్ చెప్పాడు. పక్కన పాత దానిలాంటిదే ఒక చిన్న కారు ఉంది, ఎర్రది.

"ఇది ఎప్పుడిస్తరు?" అన్నాడు వామనరావు.

"ఇది రెడీగా ఉంది సార్. ఎల్లుండే తీసుకోవచ్చు. కానీ అందులో పై కప్పు తెరుచుకోదు."

"ఇదే ఇవ్వండి."

శోభ ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత, "సీట్ల ప్లాస్టిక్ ఇక్కడే తీసెయ్యమని చెప్పండి" అంది. ఆయన చెప్పాడు.

బండి వచ్చిన మర్నాడు తెల్లవారగానే బయల్దేరారు. విజయవాడ రోడ్డు మలుపులో ఆయన సరైన వైపే తిప్పాడు. ఇందు ఏమీ అడగలేదు, పాటలు వింటూ ఉంది. మధ్యాహ్నానికి సరుగుడు తోట పక్కన బండి ఆపారు. "చెప్పులు ఇక్కడే విప్పు నాన్నా, ముందుకు పోతే ఇసుకలో నడవలేవు" అని దారి చూపిస్తూ ఇందు ముందు నడిచింది.

చెట్లు దాటగానే సముద్రం కనిపించింది. వామనరావు దాన్ని ఒక్క క్షణం కూడా చూడలేదు. అలవాటైన కోరిక కదా, గబుక్కున కూతురి ముఖం వైపు తిరిగాడు.

ఇందు సముద్రం వైపు చూడడం లేదు. నాన్న ముఖం వైపు చూస్తూ ఉంది.

"ఎట్ల ఉంది నాన్నా?" అని అడిగింది.

ఆయన అప్పుడు సముద్రం వైపు చూశాడు. మళ్లీ కూతురి వైపు తిరిగి, "నువ్వు మొదటిసారి చూసినప్పుడు ఎట్ల అనిపించింది తల్లీ? ఇప్పుడు చెప్పు" అన్నాడు.

"ఏడుపొచ్చింది నాన్నా. ఎందుకో తెల్వదు. వెనక్కి తిరిగి చూసిన, నువ్వు లేవు కదా. టీచర్ లైన్లో నిలబడమంటుంటే పోయి నిలబడ్డ."

అని చెప్పి, ఇందు ఆయన చెయ్యి పట్టుకుని నీళ్లలోకి తీసుకెళ్లింది. ఆయన వెళ్లాడు. అలలు మోకాళ్ల దాకా వచ్చాయి. అంత అందమైన చోట ఆయన ఎంతో సంతోషించాడు, అయినా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. నాలుగేళ్లుగా తాను ఎదురుచూసిన ఆ ముఖాన్ని ఈ ఇసుక మీదే, మూడు నెలల కిందట, ఎవరూ చూడకుండానే పోగొట్టుకున్నాడు.

పిల్లలూ, మీ కన్నా ముందు మీ అమ్మానాన్నలు వినాల్సిన నీతి ఇది: కారైనా, పిల్లల చిన్నతనమైనా మన దగ్గర కొన్నాళ్లే ఉంటాయి కాబట్టి, ఉన్నప్పుడే వాటితో కలిసి బతకాలి; రేపటికని దాచిపెట్టిన సంతోషం రేపటికి మిగలదు.