ముడి వేయని కుట్టు

ఆ ఏడు ఉరుసు అయిన మర్నాటి నుంచీ ఓబుళరెడ్డికి అన్నం సహించలేదు. ఒంట్లో జ్వరం లేదు, ఇంట్లో లోటు లేదు. దర్గా ముందు తాను పోయించే అంబలి కోసం నిలబడ్డ వరస కళ్ళల్లోంచి పోలేదు, అంతే.

పదేళ్ళ కింద ఆయన అంబలి మొదలుపెట్టినప్పుడు ఆ వరస దర్గా గుమ్మం నుంచి వేపచెట్టు దాకా ఉండేది. ఇప్పుడు వేపచెట్టు దాటి, బండల బాట దాటి, తారురోడ్డు ఎక్కింది. ఆయన ఏటా ఒక కాగు పెంచుతూనే వచ్చాడు. అయినా చివర్లో ఉన్నవాళ్ళు ఏటా ఖాళీ చెంబులతోనే ఇంటికి పోయేవాళ్ళు.

మౌలాలి తాత దగ్గర చేయి పట్టి ఓబుళరెడ్డి శిష్యుడై పన్నెండేళ్ళయింది. తాత ఆ దర్గా చూసుకునే ఫకీరు. పుట్టింది దూదేకుల ఇంట్లో. ఎనభై దాటినా తన తిండికి తానే పరుపులు కుట్టుకునేవాడు. ఊళ్ళో ఎవరింట్లో పరుపు గట్టిపడ్డా దూది ఏకే విల్లు భుజాన వేసుకుని పోయేవాడు. ఉపదేశం చెయ్యమంటే మాత్రం ఆయనకు ఉన్నట్టుండి చెవుడు వచ్చేది.

ఓ శుక్రవారం పొద్దున్నే ఓబుళరెడ్డి వచ్చి తాత ముందు కూర్చున్నాడు.

"తాతా, ఒక మాట అడగాల. నేను పెడతానే ఉండా. తినేవాళ్ళు పెరగతానే ఉండారు. యాడ తప్పు జరగతా ఉంది?"

తాత దూదిలో గింజలు ఏరుకుంటున్నాడు. తలెత్తలేదు.

"అందుకే ఒకటి అనుకున్నా. బావి కింద చేను ఉంది గదా, పదకొండు ఇండ్లవాళ్ళు కౌలుకు చేస్తా ఉండారు. ఉగాదికి వాళ్ళను మాన్పించి చీనీకాయల తోట పెడతా. ఆ రాబడితో అంబలి గాదు, అన్నమే పెట్టొచ్చు, రెండు పూటలా. నువ్వు వచ్చి మొదటి మొక్క నాటితే చాలు."

మనసులో కల్మషం లేదు పాపం. తోట మీద వచ్చేదాంట్లో సగం దర్గాకేనని పెండ్లానికి ముందే చెప్పేశాడు. ఆ పదకొండు ఇండ్లవాళ్ళు ఉగాది పోయినాక ఏం తింటారో అన్న ఆలోచన మాత్రం ఆయన దాకా రాలేదు.

"మొక్క సంగతి చూద్దాంలే," అన్నాడు తాత. "ముందు సుంకమ్మ పరుపు చూడు. నడుము పట్టుకుపోయిందంట ఆమెకు."

సుంకమ్మ దర్గా వరండాలో పడుకునే ముసలామె. ఆ పరుపు రెండేళ్ళ కింద ఉరుసులో ఓబుళరెడ్డి ఇచ్చిందే. పదిమంది చూస్తుండగా తన చేతుల మీదుగా ఇచ్చాడు. మంచి గుడ్డ, మంచి దూది. పైన ఒక్క కుట్టు కూడా కనబడకుండా నున్నగా కుట్టించాడు. ఇప్పుడా దూదంతా ఎప్పుడో తలవైపు చేరి ముద్దకట్టింది. ముసలామె నడుము కింద మిగిలింది రెండు పొరల గుడ్డ, దాని కింద బండ.

దీనికింత ఆలోచన ఎందుకు అనుకున్నాడు ఓబుళరెడ్డి. ఇంటికి పోయి కొత్త దూది తెచ్చాడు. నడుము దగ్గర గుడ్డ కోసి, దూది కుక్కి, మళ్ళీ కుట్టేశాడు. సుంకమ్మ నాలుగు రోజులు హాయిగా పడుకుంది. అయిదో రోజుకు ఆ కొత్త దూది కూడా పోయి పాత ముద్దలో కలిసింది.

ఈసారి బస్తాడు దూది తెచ్చి కుక్కాడు. తలవైపు ఎంత ఎత్తు లేచిందంటే, ముసలామె జారి జారి కిందికొచ్చింది. ఆయన మళ్ళీ వచ్చి చూసేసరికి పరుపు పక్కన వట్టి బండ మీద పడుకుని ఉంది. తుంటి దగ్గర పుండు పడింది. మాఘమాసపు చలికి కాళ్ళు ముడుచుకుని వణుకుతోంది.

"నీ దూది మంచిదే రెడ్డెప్పా," అంది సుంకమ్మ. "నా కాడికి రాలేదు, అంతే."

ఓబుళరెడ్డికి ముఖం చెల్లలేదు. నేరుగా తాత దగ్గరికి పోయాడు.

"ఇంకెంత దూది పొయ్యాల తాతా దాంట్లో?"

తాత లేచాడు. కత్తి తీసుకుని పరుపును ఈ కొస నుంచి ఆ కొసకు చీల్చాడు. పాతదీ కొత్తదీ మొత్తం దూది బయటికి లాగి వరండాలో కుప్ప పోశాడు. దూలానికి విల్లు వేలాడదీశాడు. నారి మీద కొట్టే చెక్క గుదిని శిష్యుడి చేతిలో పెట్టాడు.

పుట్టి బుద్ధెరిగి చెమట పట్టే పని చేసినవాడు కాదు ఓబుళరెడ్డి. గడియసేపటికి భుజాలు పడిపోయాయి. మీసాలకూ కనుబొమలకూ దూది అంటుకుంది. అయినా ఆపలేదు. నారి మోగుతూ ఉంటే, రాయిలా బిగుసుకున్న ముద్దలు ఒక్కొక్కటే విడిపోయి తేలిక దూదిగా రాలాయి. ఏకడం అయినాక తాత పరుపుకు కావలసినంత తీసి పక్కన పెట్టాడు. ఇంకా అంతకంత మిగిలింది.

"ఇంకో పరుపు వస్తుంది," అన్నాడు తాత. "ఎవరికైనా చూద్దాం."

తాతా సుంకమ్మా దూదిని గుడ్డ మీద పరిచారు. సుంకమ్మ మోకాళ్ళ మీద పాకుతూ అరచేత్తో సమం చేస్తోంది. ఎక్కడ గింజ తగిలినా, ఎక్కడ ఉండ తగిలినా ఆ వేళ్ళకు తెలిసిపోతోంది. తీసి వెనక్కి పారేస్తోంది.

"నీ చేతులకు ఈ పని అలవాటే ఉన్నట్టుందే అవ్వా," అన్నాడు ఓబుళరెడ్డి. "ఏ ఊరు నీది?"

పదేళ్ళు ఆమెకు అంబలి పోయించాడు. ఆ మాట అడగడం అదే మొదలు.

"మీ ఊరే సామీ. మీ బావి కింద చేనుకు తూర్పు చెక్క లేదూ, అది మాదే. మాదే అంటే, మేం చేసింది. అప్పుడంతా రాళ్ళే. నేనూ మా ఆయనా పన్నెండేండ్లు ఏరినాం. గట్టు మీద రాళ్ళగుట్ట ఉండాది చూడు, అది మేం మోసిందే. చేను చేనయినాక మీ నాయన పిలిచి, ఈ ఉగాదికి వద్దులే సుంకా అన్న్యాడు. మంచిగానే అన్న్యాడు. తిట్టలా, కొట్టలా."

"మీరేమీ అడగలేదా?"

"ఏమని అడుగుతాం? ఇచ్చింది నోటిమాటే, తీసుకున్నదీ నోటిమాటే." సుంకమ్మ ఇంకో గింజ ఏరి పారేసింది. "ఆ యేడే మా ఆయన పోయినాడు. తర్వాత ఈ వరండా."

ఆ గుట్ట ఓబుళరెడ్డికి బాగా తెలుసు. చిన్నప్పుడు దాని మీదికెక్కి తమ చేనంతా చూసేవాడు. ఇంట్లో అందరూ దాన్ని నాయన గుట్ట అనేవాళ్ళు. నాయన రాళ్ళు మోయించి ఆ చేను చేయించాడని పదిమందికి గొప్పగా చెప్పుకున్న రోజులు గుర్తొచ్చాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

పై గుడ్డ కప్పి అంచులు కుట్టేశాక, తాత దబ్బనంలో మళ్ళీ దారం ఎక్కించాడు. పైనుంచి గుచ్చి కిందికి తీసి, మళ్ళీ పైకి తెచ్చి, బిగించి ముడి వేశాడు. జానెడు దూరంలో ఇంకొకటి. దారం బిగిసిన చోటల్లా గుడ్డ లోతుకు పోయింది.

"ఇంత నున్నని గుడ్డను గుంతలు గుంతలు చేస్తా ఉండావే తాతా?" అన్నాడు ఓబుళరెడ్డి.

"గుంత లేకుంటే దూది నిలవదు నాయనా. ఒకచోటికి పోయి చేరడం దాని గుణం. దాన్ని తిట్టి లాభం లేదు." తాత దబ్బనం ఆయన చేతికిచ్చాడు. "నువ్వు కుట్టు."

ఓబుళరెడ్డి తాత చూపినట్టే ఒక్కో కుట్టూ కుట్టి ముడి వేస్తూ పోయాడు. వేళ్ళకు రెండుసార్లు గుచ్చుకుంది. ఆఖరి వరసలో ఆఖరి కుట్టు తీసి దారం తెంపాడో లేదో, ఉన్నపళంగా దబ్బనం కింద పెట్టి లేచాడు.

"ఇంటికి పోయొస్తా తాతా."

నాలుగు రోజులకు తిరిగొచ్చాడు. ముఖం తేటపడింది. నడకలో కాస్త ఊపు కూడా ఉంది.

"తోట మానుకున్నా తాతా. పదకొండు ఇండ్లవాళ్ళనూ పిలిపించి చెప్పినా. నేను ఉన్నన్నాళ్ళూ మిమ్మల్ని ఆ చేను నుంచి ఎవరూ కదిలించరు అని మాట ఇచ్చినా. మేం సొంతంగా చేసుకునే తూర్పు చెక్క సుంకమ్మదేనని కూడా అందరి ముందరే చెప్పినా. కాళ్ళ మీద పడి ఏడ్చినారు తాతా, పాపం."

తాత విల్లు దులిపి పక్కన పెట్టాడు.

"మా పెద్దోడు కూడా ఒప్పుకున్న్యాడు. రెండ్రోజులు అలిగి అన్నం మానేసినాడు గానీ, తర్వాత వాడే వచ్చి, సరే నాయనా, నువ్వున్నన్నాళ్ళూ నీ మాటే అన్న్యాడు."

తాత ఒక మంచి మాట అంటాడని ఓబుళరెడ్డి ఎదురుచూశాడు. తాత సుంకమ్మ పరుపు లాక్కొచ్చి ఆయన ముందు పరిచాడు. ఆఖరి కుట్టు దగ్గర దారపు కొస వేలాడుతోంది.

"ఆ దారం పట్టుకో," అన్నాడు.

పట్టుకున్నాడు.

"లాగు."

లాగాడు. బలం పెట్టనే అక్కర్లేదు. దారం సర్రున మొత్తం చేతిలోకి వచ్చేసింది. గుడ్డలో పడిన గుంత మెల్లగా పైకి లేచి మాయమైంది. అక్కడొక కుట్టు ఉండేదని చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

"కుట్టినావు గదా?" అన్నాడు తాత.

"కుట్టినా." ఓబుళరెడ్డి అరచేతిలో ఉన్న దారం వంక చూశాడు. "ముడి వేయలా."

తాత పోయి తన దూది ముందు కూర్చుని గింజలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

ఓబుళరెడ్డి అక్కడే కూర్చున్నాడు. నీడ వరండా మెట్టు దిగేదాకా కూర్చున్నాడు. ఉన్నన్నాళ్ళూ అని తన నోటి నుంచి వచ్చిన మాటే, కొడుకు నోటి నుంచి తిరిగొచ్చిన మాటే చెవుల్లో తిరిగింది. అప్పుడు దబ్బనం అడిగి తీసుకున్నాడు. దారం ఎక్కించి, ఆఖరి కుట్టు మళ్ళీ కుట్టి, బిగించి ముడి వేశాడు. దాని మీద ఇంకో ముడి వేశాడు. లాగి చూశాడు. రాలేదు.

తువాలు దులుపుకుని లేచాడు.

"అవ్వా, నువ్వూ లెయ్యి. బస్సుకు టైమవుతా ఉంది. దోవలో ఆ పదకొండు ఇండ్లవాళ్ళనూ ఎక్కించుకోవాల."

"యాడికి సామీ ఇంత ఎండలో?"

"టౌనుకు. ఎవరి చెక్క వాళ్ళ పేర రాయించి రిజిస్టరు చేయించాల. ఆఫీసు మూసేలోగా పోవాల."

సుంకమ్మకు ఆ మాటలు వెంటనే ఎక్కలేదు. ఆయన వైపు చూసింది, తాత వైపు చూసింది. స్తంభం పట్టుకుని మెల్లగా లేచింది. రెండడుగులు వేసి ఆగింది. చేతికొచ్చినవి పోగొట్టుకున్న మనిషి గదా, ఆమె భయం ఆమెది.

"తాతా, నేను వచ్చేలోగా నా పరుపు ఎవరైనా..." అంది.

తాత తలెత్తకుండానే చెప్పాడు.

"ఎవరూ తియ్యలేరు, పోయిరామ్మా. ముడి పడింది."