మాక్యులా అంటే

మురారికి ఒక్కటే జబ్బు. తెలిసింది చెప్పకుండా ఉండలేడు. కంటి వైద్యంలో పై చదువు చదువుతూ, శ్రీకాకుళంలో డాక్టర్ సదాశివం గారి దగ్గర పని నేర్చుకుంటున్నాడు.

ఆ ఉదయం తవిటమ్మ అనే ముసలావిడ వచ్చింది. భర్త సింహాచలం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. దేన్ని చూసినా నడిమధ్య ముద్దగా మసక అడ్డొస్తోందట.

"నాకేటయింది బాబూ?"

అడగడమే ఆలస్యం, మురారి మొదలెట్టాడు. "మాక్యులా దెబ్బతిందమ్మా. లాటిన్‌లో మాక్యులా అంటే మచ్చ. కంటి వెనక పొరలో, సూటి చూపుకి పనికొచ్చే చోటు అది. ఆకాశంలో గ్రహాల మీదా, వాటి చుట్టూ తిరిగే చందమామల మీదా కనిపించే నల్ల మరకల్ని కూడా మాక్యులా అనే అంటారు!"

పాపం, ఆవిడ అంతా ఓపిగ్గా విన్నది.

"మరి మా ఇంటాయన మొకం అగుపడదా?"

"కనపడదు. ఆ చోటు పోయింది. మందు లేదు."

తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికి పోదాం పద అంటూ లేవబోయింది.

పక్క బల్ల దగ్గరున్న సదాశివం గారు లేచొచ్చారు. చీకటి పడితే చాలు, డాబా మీద టెలిస్కోపు పెట్టుకుని కూర్చునే పిచ్చి ఆయనకి. కిందటి రాత్రి మురారిని కూడా కూర్చోబెట్టారు.

"నిన్న ఆ మసక చుక్క నీకెంతకీ దొరకలేదు. చివరికెలా దొరికిందయ్యా?"

"సూటిగా చూస్తే మాయమైపోయింది సార్. మీరు పక్కకి చూడమన్నారు."

ఆయన స్టూలు లాగి, సింహాచలాన్ని తవిటమ్మకి ఎదురుగా కూర్చోబెట్టారు.

"మీ ఆయన మొహం చూడకమ్మా. చెవి చూడు. ఇంకా పక్కకి. ఆ వెనకాల గోడ చూడు. తొందరేం లేదు."

ఆవిడ కళ్లు అటూ ఇటూ తిప్పింది. "నేదు బాబూ... నేదు..." ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఓలమ్మో! ఇంత సిక్కిపోనావేటయ్యా! కూడు తింతన్నావా, నేదా?"

సింహాచలం కళ్లు తుడుచుకుంటూ తల దించుకున్నాడు.

"తల దించకు! మల్లీ మాయమైపోతావు," అని కసిరింది.

సదాశివం గారు శిష్యుడి వైపు తిరిగారు.

"ఇప్పుడు చెప్పవయ్యా. మాక్యులా అంటే ఏంటి?"

మురారి నోరు తెరిచాడు. ఎదురుగా ముసలావిడ గోడ వైపు కళ్లు పెట్టి, మొగుడి మొహాన్ని తనివితీరా చూసుకుంటోంది.

అతనికి ఒక్క మాటా రాలేదు.