కొట్టు పక్కన పొదలు

ప్రశ్న అడిగిన ఋతువులోనే జవాబు చెప్పే అలవాటు సోమగిరి స్వామికి లేదు. వేసవిలో అడిగినదానికి చలికాలంలోనో, చలికాలంలో అడిగినదానికి మళ్లీ వేసవిలోనో చెప్పేవారు. ఈలోగా అడిగినవాడు ప్రశ్ననే మరిచిపోతే ఆయనకు మరీ సంతోషం. ఒక జవాబు మిగిలిందని నవ్వేవారు. కానీ ఆయన శిష్యుడు మార్కండేయులు దేన్నీ మరిచిపోయే మనిషి కాదు.

ఆశ్రమం హిమాలయాల్లో, చెట్లు కూడా ఎక్కలేక ఆగిపోయిన ఎత్తులో ఉండేది. అక్కడ గడ్డీ, నాచూ, మోకాలెత్తు పొదలూ తప్ప మరేమీ పెరగవు. మంచు పడితే దారి మూసుకుపోతుంది. కరిగాక కింది ఊరి నుంచి కంచరగాడిదలు సరుకులు మోసుకొస్తాయి. ఉన్న పదిమందీ స్వామిని వెతుక్కుంటూ తెలుగుదేశం నుంచి వచ్చినవాళ్లే. సరుకుల కొట్టూ, వంటా, పూజా, కొత్తగా వచ్చినవాళ్ల పాఠాలూ అన్నీ మార్కండేయులే చూసుకునేవాడు. చక్కగా చూసుకునేవాడు, కాదనడానికి లేదు. అతను ఆరేసిన తువ్వాలు కూడా అంచుకు అంచు కలిసి ఉండేది. అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే ఇల్లు శుభ్రంగా ఉంటుంది, మిగతావాళ్లు కాస్త భయంగా ఉంటారు.

మంచు కాలం దగ్గర పడుతున్న ఒక ఉదయం అతను స్వామి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"స్వామీ, ఆశ్రమానికి ఏ విధంగానూ ఉపయోగపడని మనిషిని ఇక్కడ ఉంచుకోవడం దయా, బలహీనతా?"

ఆ మనిషి ఎవరో అందరికీ తెలుసు. కామాయమ్మది గోదావరి పక్క పల్లె. చాలా ఏళ్ల కిందట యాత్రకు వచ్చినవాళ్ల వెంట వచ్చి, వాళ్లు దిగిపోతుంటే మోకాళ్ల నొప్పులని వంటింట్లో కూర్చుండిపోయింది. అప్పట్లో వంట చేసేది. ఇప్పుడు కుండ దించలేదు, నీళ్లు మోయలేదు. ధ్యానానికి కూర్చుంటే గురక పెట్టేది. శ్లోకం ఒక చోట ఎత్తుకుని ఇంకో చోట తేలేది. ఎప్పుడో చచ్చిపోయిన తన గేదె కబుర్లు మాత్రం, అది నిన్న సాయంత్రమే పాలిచ్చినట్టు చెప్పేది. మౌనం పాటించాల్సిన వేళ వంటింట్లోంచి ఆ గేదె కథ వినపడుతుంటే మార్కండేయులుకు ఒళ్లు మండిపోయేది.

"కింది ఊళ్లో సత్రం వాళ్లతో మాట్లాడాను స్వామీ. భోజనానికి ఏ లోటూ ఉండదు. ఈ విడత సరుకులు తెచ్చిన గాడిదలతోనే పంపించేస్తే మంచిది."

గుమ్మం అవతల కామాయమ్మ వింటూనే ఉంది. "తిండికేం బాబూ, ఎక్కడైనా దొరుకుద్ది," అంది. "ఆ సత్రంలో అందరూ ఇయ్యాళొచ్చి రేపెళ్లిపోయేవోళ్లే. నేనెవరితో మాటాడను?" పైకి మామూలుగానే అంది కానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

స్వామి ఇద్దరినీ చూశారు. "మంచు కరిగాక చూద్దాం. అప్పటిదాకా ఉండనీ," అన్నారు.

మార్కండేయులు ఎదురు చెప్పలేదు. కానీ సర్దాలనుకున్నది సర్దనివ్వకపోతే అతనికి చేతులు ఊరుకోవు. ఆ మధ్యాహ్నమే గొడ్డలి పట్టుకుని కొట్టు దగ్గరికి వెళ్లాడు. కొట్టుకు అటూ ఇటూ పొదలు దట్టంగా అల్లుకుని ఉండేవి. మెలికలు తిరిగిన కొమ్మలు, గోరంత ఆకులు. వాటి కింద బొరియల్లో పొట్టి తోకల చిట్టెలుకలు కాపురం ఉండేవి. వాటితో మార్కండేయులుకు వైరమేమీ లేదు, పైగా ముద్దు. తాము తినేముందు ప్రాణికోటి పేర కాస్త ఆహారం బయట పెట్టడం ఆశ్రమంలో ఆచారం. భూతబలి అంటారు. ఆ పని అతనిదే. రోజూ గుప్పెడు బార్లీ గింజలు కొట్టుకు తూర్పున ఉన్న రాతి మీద పోసేవాడు. ఎలుకలు పొదల్లోంచి జారి వచ్చి ముందుకాళ్లతో గింజ పట్టుకుని కొరుకుతుంటే, లోపల తన అన్నం చల్లారిపోతున్నా నిలబడి చూసేవాడు. ఆ కాసేపూ అతని ముఖంలో ఉన్న మెత్తదనం ఆశ్రమంలో ఎవరికీ దక్కేది కాదు.

స్వామి నడుచుకుంటూ అటు వచ్చేసరికి తూర్పు వైపు పొదలన్నీ నేలమట్టమయ్యాయి.

"ఎందుకు కొట్టావు?"

"కాయా లేదు, నీడా లేదు స్వామీ. ఊరికే చోటు తినేస్తున్నాయి. పొయ్యిలోకైనా పనికొస్తాయి."

"పడమటి వైపువి ఉంచెయ్యి. నా కళ్లకు అలవాటైపోయాయి," అని స్వామి వెనక్కి తిరిగారు.

మర్నాడు గింజలు పోస్తే ఎలుకలు వచ్చాయి. అయితే ఇప్పుడు రాతి దాకా బోడినేల మీద పరుగెత్తాలి. మార్కండేయులు చూస్తుండగానే గద్ద ఒకటి దిగి, ఒకదాన్ని తన్నుకుపోయింది. అతను అయ్యో అన్నాడు. ఆ రోజు నుంచి గింజలు ఇంకొంచెం ఎక్కువ పోశాడు.

తర్వాత మంచు పడింది. తూర్పున మంచును పడ్డది పడ్డట్టే గాలి ఊడ్చుకుపోయేది. పట్టి ఆపేదేదీ లేక నేల బిగుసుకుపోయి, గునపం దింపితే ఖంగుమంది. పడమటి వైపు మాత్రం పొదలు మంచును పట్టుకున్నాయి. కొమ్మలు వంగి, వాటి మీద గుట్టలా పేరుకుపోయింది. పాపం అటువైపువి ఊపిరాడక చచ్చే ఉంటాయని మార్కండేయులు అనుకున్నాడు. తూర్పు రాతి మీద మాత్రం ఒక్క రోజు కూడా మానకుండా గింజలు పోశాడు. కొన్నాళ్లకు అవి తినేవాళ్లు లేక అలాగే ఉండిపోవడం మొదలైంది. నిన్నటి గింజల మీద నేటి గింజలు పోసి వచ్చేవాడు. మనసు చివుక్కుమనేది.

ఆ చలికాలంలోనే కోదండం బెంగపడ్డాడు. కోదండం ఒంగోలువాడు. పెళ్లాం పోయాక ఇల్లు చూడలేక ఆ వేసవిలోనే ఆశ్రమానికి వచ్చాడు. మంచు నలువైపులా కమ్ముకుని, ఎవరూ మాట్లాడని ఆ రోజుల్లో అతనికి ఏడుపు ఆగేది కాదు. ఈ మంచులోనే దిగిపోతానని ఒకసారి మూట కట్టాడు కూడా. దిగితే దారిలోనే పోయేవాడు. మార్కండేయులు అతనికి ఇంకో కంబళి ఇచ్చాడు, పాఠం ఇంకో గంట పెంచాడు, మనోనిగ్రహం గురించి చక్కగా చెప్పాడు. కోదండం తల ఊపుతూ విన్నాడు. మర్నాడు మౌన సమయంలో చూస్తే అతను పొయ్యి దగ్గర కామాయమ్మ పక్కన కూర్చుని పప్పులో రాళ్లు ఏరుతూ, గేదె కాలవలో పడితే ఊరంతా కలిసి లాగిన కథ వింటున్నాడు. నవ్వుతున్నాడు. మార్కండేయులు ఇద్దరినీ మందలించాడు. వాళ్లు గొంతు తగ్గించారు, అంతే.

మంచు కరిగింది. గాడిదలు వస్తాయన్న రోజు పొద్దున్నే స్వామి మార్కండేయులును పిలిచి పడమటి వైపుకు తీసుకెళ్లారు. వంగి పొదల కొమ్మలు పక్కకు తీశారు. చలికాలమంతా బరువు మోసిన కొమ్మలు ఇంకా వంగే ఉన్నాయి. వాటి కింద, మంచే దుప్పటై కప్పడంతో గడ్డకట్టని నేల మీద వేలెడు వెడల్పున దారులు, మలుపులు. మంచు కింద ఎలుకలు తిరిగిన వీధులవి. గడ్డితో చుట్టిన గూడొకటి కదిలింది. అందులో ఇంకా కళ్లు తెరవని పిల్లలు ఒకదానిమీద ఒకటి పడుకుని ఉన్నాయి. తల్లి వాళ్లను చూసి కూడా పారిపోలేదు.

మార్కండేయులు తూర్పు వైపుకు నడిచాడు. రాతి చుట్టూ చలికాలం నాటి గింజలు ఉబ్బి, మొలకెత్తడానికి చూస్తున్నాయి. ఒక బొరియ నోటి దగ్గర రెండు ఎలుకలు ఎండుటాకుల్లా తేలికగా, బిగుసుకుపోయి ఉన్నాయి. వాటిని అరచేతిలోకి తీసుకుని అక్కడే కూలబడ్డాడు. అతను ఏడవడం ఆశ్రమంలో ఎవరూ చూడలేదు, ఆ రోజు స్వామి చూశారు.

"రోజూ పెట్టాను స్వామీ. ఒక్క పూట కూడా మానలేదు."

"పెట్టావు," అన్నారు స్వామి.

అంతలో గంటలు వినిపించాయి. గాడిదలు వచ్చాయి. సరుకులు దించారు. కామాయమ్మ ఎవరూ చెప్పకముందే చెప్పులు వేసుకుని, కర్ర పట్టుకుని అరుగు మీదికి వచ్చి కూర్చుంది. ఈసారి ఏమీ అడగలేదు. ఆవిడ మూట తెచ్చి గాడిద మీద కట్టమని పొద్దున్నే కోదండానికి చెప్పి ఉంచాడు మార్కండేయులు. కోదండం లోపల్నుంచి రెండు మూటలు తెచ్చాడు.

"రెండోది ఎవరిది?"

"నాదేనండి," అన్నాడు కోదండం తల వంచుకుని.

మార్కండేయులు ఆ రెండు మూటలకేసి చూశాడు. అరచేతిలో ఎలుకలు ఇంకా అలాగే ఉన్నాయి. తర్వాత అరుగు మీద కూర్చున్న ముసలావిడను చూశాడు, ఆశ్రమానికి వచ్చాక మొదటిసారి చూస్తున్నట్టుగా. స్వామి వైపు తిరిగాడు. గాడిదల మనిషి తాడు పట్టుకుని, ఎవరు ఎక్కుతారని ఎదురుచూస్తున్నాడు.

"గాడిద అంత దూరం వచ్చింది, ఖాళీగా పంపకు," అన్నారు సోమగిరి స్వామి. "మూటలకు బదులు ఆ గొడ్డలి కట్టి పంపించెయ్యి."